కుట్లు వేశాక మొదలయ్యే పని
(స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ సిస్టర్ గారికి పొగడ్త గిట్టేది కాదు. కాబట్టి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు కొత్త నర్సు ఎవరైనా "అంతా బాగానే ఉంది సిస్టర్" అంటే ఆమె ఒప్పుకునేవారు కాదు. "ఎవరికి బాగుందమ్మా? పల్స్ ఎంత? యూరిన్ ఎంత వచ్చింది? మనిషి నీతో ఏం మాట్లాడాడు?" అని వరసగా అడిగేవారు. ఆ ప్రశ్నల వెనక ఎంత శాస్త్రం ఉందో ఈ సాయంత్రం చెప్పాలని నా ప్రయత్నం.

మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే భయమంతా ఆ బల్ల చుట్టూనే తిరుగుతుంది. థియేటర్ తలుపు బయట చుట్టాలంతా నిలబడతారు. మొక్కులు మొక్కుకుంటారు. డాక్టరు గారు బయటికొచ్చి "బాగా జరిగిందండీ" అనగానే సగంమంది కాఫీలకు వెళ్తారు, మిగతావాళ్లు ఊళ్లకు ఫోన్లు చేస్తారు. గండం గడిచిందని అందరి నమ్మకం. 14 దేశాల్లోని 28 ఆస్పత్రుల్లో, గుండె ఆపరేషన్లు కాక వేరే ఆపరేషన్లు చేయించుకున్న 45 ఏళ్లు దాటిన 40,004 మందిని నెలరోజుల పాటు గమనించి రాసిన అధ్యయనం ఒకటి 2019లో అచ్చయింది. ఆ నెలలో చనిపోయినవాళ్లు 715 మంది. వాళ్లలో థియేటర్‌లో పోయినవాళ్లు 5 మంది. ఆపరేషన్ అయిపోయాక, డిశ్చార్జి కాకముందే ఆస్పత్రిలో పోయినవాళ్లు 500 మంది. ఇంటికెళ్లాక పోయినవాళ్లు 210 మంది. కారణాల్లో ముందు నిలిచినవి మూడు: రక్తస్రావం, గుండె కండరానికి దెబ్బ తగలడం, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్. చాలాసార్లు ఈ మూడూ ఉన్నట్టుండి వచ్చిపడవు. గంటల ముందు నుంచే ఏదో ఒక గుర్తు చూపిస్తాయి. ఆ గుర్తు కనిపించే సమయానికి మంచం పక్కన ఎవరున్నారన్నదే ప్రశ్న. సర్జన్ గారు ఇంకో కేసులో ఉంటారు. మత్తు డాక్టరు గారు ఇంకో బల్ల దగ్గర ఉంటారు. అక్కడ ఉండేది నర్సు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆపరేషన్ రోగిని కనిపెట్టుకుని ఉండడం వైద్యానికి తోడుగా చేసే సేవ అని మనం అనుకుంటున్నాం. అది వైద్యమే. దాన్ని వైద్యంగా గుర్తించి, అందుకు తగినంతమంది మనుషుల్నీ, వాళ్ల మాటకు తగిన విలువనూ ఇవ్వనంతకాలం కత్తి ఎంత గొప్పగా ఆడినా లాభం సగమే.

ఆపరేషన్‌కు ముందు రోజుతో మొదలుపెడతాను. అడ్మిషన్ రోజు కేస్ షీటులో నర్సు నింపే కాగితాన్ని చాలామంది గుమాస్తా పనిగా చూస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారా, ఆయుర్వేదం, నాటుమందు ఏమైనా వాడుతున్నారా, పన్ను కదులుతోందా, కట్టుడు పళ్లున్నాయా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా? వీటిలో ప్రతి ప్రశ్నా ఒక ప్రమాదానికి అడ్డుకట్ట. అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న తాగుడు గురించి. భార్య, కూతురు, అల్లుడు చుట్టూ నిలబడి ఉండగా "మందు అలవాటుందా?" అని అడిగితే ఏ పెద్దమనిషీ ఉందనడు. రోజూ తాగేవాడు ఆస్పత్రిలో చేరి ఉన్నట్టుండి మానేస్తే రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేని మనుషులు కనిపిస్తారు, సెలైన్ సూది పీకేసుకుని మంచం దిగి పరిగెడతాడు. పొట్ట కోసి కుట్టిన మనిషి అలా చేస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకని అనుభవమున్న నర్సు బీపీ చూసే వంకతో అందర్నీ బయటికి పంపి, తలుపు దగ్గరికేసి, "అన్నా, ఇది నీకూ నాకూ మధ్య మాట, రోజుకెంత?" అని అడుగుతుంది. ఈ మాట ఏ మిషనూ అడగలేదు.

తరవాత ఉపవాసం. దీని మీద కాస్త కోపంగానే మాట్లాడతాను. మత్తులో కడుపులోని పదార్థం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ఎంత ప్రమాదమో 1946లో మెండెల్సన్ ప్రసూతి రోగుల మీద రాసిన వ్యాసంతో లోకానికి స్పష్టమైంది. అప్పటినుంచి "రాత్రి పన్నెండు దాటితే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు" అనే మాట స్థిరపడిపోయింది. కానీ ఇప్పుడు మత్తు వైద్యుల సంఘాల సూచనలు వేరు. తేలికపాటి ఆహారానికి 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్ల లాంటి తేట ద్రవాలకు 2 గంటలు ఆగితే చాలు, కడుపు మామూలుగా ఖాళీ అయ్యే మనిషికి. మన వార్డుల్లో ఏం జరుగుతోంది? ముందురోజు రాత్రి ఏడింటికి రెండు ఇడ్లీలు తిన్న ముసలమ్మ, లిస్టులో చివరి కేసైనందుకు మర్నాడు మధ్యాహ్నం మూడింటిదాకా నాలుక పిడచకట్టుకుపోయి పడుకుని ఉంటుంది. షుగరు మాత్రలు వేసుకునే మనిషైతే ఆ ఎండిన కడుపే ఒక ప్రమాదం. లిస్టు మారిందని తెలియగానే మత్తు డాక్టరు గారికి ఫోన్ చేసి "ఈమెకు పదకొండింటిదాకా నీళ్లివ్వొచ్చా?" అని అడగడం నర్సు పని. ఒక్క ఫోను చాలు. ఇంకో వైపు, ఆకలికి తాళలేక గుట్టుగా కాఫీ తాగిన పిల్లాడి చేత ఆ నిజం చెప్పించడం కూడా ఆమె పనే. తిడతారన్న భయం ఉంటే పిల్లాడు చెప్పడు.

వెంట్రుకలు తీయడం గురించి ఒక్క మాట. రేజరుతో గొరిగితే చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పడి, వాటిలో క్రిములు చేరతాయి. అవసరమైతేనే తీయండి, తీస్తే క్లిప్పరుతోనే తీయండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగా చెప్పింది. ముందురోజు రాత్రి బ్లేడు పట్టుకొచ్చే అలవాటు ఎక్కడ మిగిలి ఉన్నా మానేయాలి.

నగలు తీయించేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. కరెంటు కత్తి వాడేటప్పుడు ఒంటిమీద లోహం ఉంటే కాలే ప్రమాదముంది కాబట్టి గాజులు, మెట్టెలు, మొలతాడు, తాళి తీయాల్సిందే. కానీ తాళి తీయమంటే ఆ తల్లి ముఖంలో వచ్చే మార్పు మనందరికీ తెలుసు. ఆపరేషన్ భయంతో పాటు అపశకునం భయం కూడా తోడవుతుంది. పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టి మెడలో వేసి, ఆ తరవాతే పుస్తెలు తీసి ఇంటివాళ్ల చేతికి అందించి, రిజిస్టరులో రాయించి సంతకం తీసుకోవడం మన నర్సులు ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్న పద్ధతి. ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు. కనిపించాలి. రోగి నమ్మకాన్ని కించపరచకుండా భద్రత సాధించే మార్గం అది.

ఇక థియేటర్ లోపల. అక్కడ నర్సు చేసే పని బయటివాళ్లకు కనపడదు. చేతికి కత్తెర అందించడం ఒక్కటే తెలుసు. చేతి తొడుగుల కథ విన్నారా? 1889-90 చలికాలంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కెరొలిన్ హాంప్టన్ అనే థియేటర్ నర్సు చేతులు క్రిమినాశక ద్రావణాలకు పుండ్లు పడ్డాయి. ఆమె కోసం సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో పలచని తొడుగులు చేయించారు.  ఆ తొడుగులు రోగిని ఇన్ఫెక్షన్ నుంచి కాపాడతాయని తరవాత తెలిసింది. ప్రపంచంలో ప్రతి సర్జన్ చేతికీ ఉన్న తొడుగు మొదట ఒక నర్సు చేతి కోసం పుట్టింది.

స్పాంజీలు, మాపులు, సూదులు, పనిముట్లు లెక్కపెట్టడం థియేటర్‌లో నర్సుకున్న అతిపెద్ద అధికారం. కోత పెట్టకముందు ఒకసారి, పొట్ట మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేముందు ఇంకోసారి ఇద్దరు నర్సులు పైకి వినబడేలా లెక్కపెడతారు. ఒక మాపు తక్కువైతే పొట్ట మూయకూడదు. సర్జన్ ఎంత పెద్దవారైనా, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే. "లెక్క సరిపోలేదు సార్" అని గట్టిగా అనగలిగిన నర్సు ఉన్న థియేటర్‌లో పడుకోవడానికి నేను భయపడను.

ఆ గొంతుకే 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రూపం ఇచ్చింది. 19 అంశాల పట్టీ. మత్తు ఇవ్వకముందు, కోతకు ముందు, రోగి గది దాటకముందు మూడుసార్లు అందరూ ఆగి, పేరు, ఆపరేషన్ చేసే చోటు, అలర్జీ, యాంటీబయాటిక్ ఇచ్చారా లేదా, లెక్క సరిపోయిందా అని పైకి చెప్పుకోవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల్లో ప్రయత్నిస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో అచ్చయింది. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆస్పత్రుల్లో ఆదేశం మీద అమలు చేస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో ఇంకో అధ్యయనం చెప్పింది. రెండూ నిజమేనని నా అభిప్రాయం. ఆగి మాట్లాడుకున్న చోట ప్రాణాలు నిలుస్తాయి. కేసు అయ్యాక ఒకేసారి కూర్చుని టిక్కులు పెట్టే చోట కాగితం నిండుతుంది, అంతే.

చలి గురించి కూడా చెప్పాలి. ఏసీ గదిలో, పలచటి గౌనులో, పొట్ట తెరిచి ఉన్న మనిషి ఒళ్లు చల్లబడుతుంది. మత్తులో వణుకు కూడా రాదు. 1996లో పెద్దపేగు ఆపరేషన్ల మీద జరిగిన పరీక్షలో ఒళ్లు వెచ్చగా ఉంచినవాళ్లలో నూటికి 6 మందికి గాయం చీము పడితే, చల్లబడినవాళ్లలో నూటికి 19 మందికి పడింది. దుప్పటి కప్పడం, సెలైను వెచ్చచేయడం మర్యాద కోసం చేసే పనులని ఇంకా అనుకుంటామా?

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక రోగిని తేరుకునేదాకా థియేటర్ పక్కనే చిన్న గదిలో ఉంచే ఏర్పాటు గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863 నాటికే రాశారు. ఇవాళ్టి రికవరీ రూముకు అదే మూలం. మత్తు పూర్తిగా దిగని మనిషికి నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగిపోవచ్చు. గురక వినిపిస్తే "హాయిగా నిద్రపోతున్నాడు" అని చుట్టాలు సంతోషిస్తారు, నర్సు మాత్రం దవడ ముందుకు ఎత్తి పట్టుకుంటుంది. కదలిక, శ్వాస, బీపీ, స్పృహ, ఒంటి రంగు అనే అయిదింటికి రెండేసి మార్కుల చొప్పున పదికి వేసే పద్ధతి 1970 నుంచి ఉంది. 9 వస్తేనే వార్డుకు. బెడ్లు ఖాళీ లేవనో, తరవాతి కేసు బయట ఉందనో 7కే స్ట్రెచరు ఎక్కించడం తగదు.

వార్డుకొచ్చాక మొదటి గంట 15 నిమిషాలకోసారి, తరవాత అరగంటకోసారి చూడాలి. ఏం చూడాలి? బీపీ ఒక్కటే చూసి నిశ్చింత పడితే మోసపోతాం. లోపల రక్తం కారుతున్నప్పుడు వయసులో ఉన్న శరీరం రక్తనాళాలను బిగించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది. అంతకుముందే పల్స్ పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది, మనిషి అకారణంగా చిరాకు పడతాడు, "నాకేదో అవుతోంది సిస్టర్" అంటాడు. బీపీ పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరైనా రావాలి. అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. కట్టు పైన పొడిగా ఉందని చూసి వెళ్లిపోకూడదు. రక్తం పక్కనుంచి కిందికి జారి నడుం కింద దుప్పటిలో చేరుతుంది, చెయ్యి పెట్టి చూడాలి. సిస్టర్ గారు అడిగిన పల్స్, యూరిన్, మాట అనే మూడింటి వరస ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

నాలుగోది శ్వాస. వార్డు చార్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురైన అంకె ఇదే. ఏ షీటు తీసినా 20, 20, 20 అని ఉంటుంది. గుండె మీద చెయ్యి పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. శ్వాస వేగం పెరగడం ప్రమాదానికి అన్నిటికంటే ముందొచ్చే కబురు. ఈ విషయంలో మన హైదరాబాద్‌కు ఒక చరిత్ర ఉంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస మీదే చూపు నిలపాలని వాదించేవారు. ఆ వాదం తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చారు. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న తొలి మహిళల్లో ఒకరు. క్లోరోఫామ్ గుండెకు హాని చేయదన్న లారీ నిర్ణయం తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన తేల్చింది. శ్వాస మీంచి కన్ను తీయొద్దన్న సలహా మాత్రం నిలబడింది. నూట ముప్ఫై ఏళ్ల కిందట మన ఊళ్లో అంత పట్టుదలగా చెప్పిన మాటను ఇప్పుడు 20 అనే అంకెతో కొట్టేయడం నాకు బాధగా ఉంటుంది.

రెండో రోజు నుంచి నర్సు పని రోగిని కదిలించడం. దగ్గితే కుట్లు ఊడతాయని రోగికి భయం. దిండు పొట్టకు అదిమి పట్టుకుని దగ్గడం నేర్పాలి. లేకపోతే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. లేపి కూర్చోబెట్టాలి, నడిపించాలి, పిక్కలో నొప్పి, వాపు ఉన్నాయేమో అడగాలి. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎగదన్నితే క్షణాల్లో ప్రాణం పోవచ్చు. ఇవన్నీ నొప్పి తగ్గిస్తేనే సాధ్యం. "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి" అనే మాట నేను క్షమించలేను. నొప్పితో ఉన్న మనిషి దగ్గడు, లేవడు, నడవడు. కాబట్టి నొప్పి మందు వేళకు ఇవ్వడం దయతో చేసే పని అనుకోకండి, న్యుమోనియాకు అది మొదటి మందు.

"గాలి పోయిందా అమ్మా?" అని రోజుకు నాలుగుసార్లు అడిగితే పక్కమంచం వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. పేగు కదిలిందని చెప్పే కబురు అది. ఆ తరవాత తిండి దగ్గర మన ఇళ్లలో పెద్ద గొడవ. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని, పెరుగు చలవ అని, వంకాయ గాయానికి పడదని చెప్పి చారన్నంతో పదిరోజులు గడిపిస్తారు. గాయం మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి, సరిగ్గా అవే మానిపిస్తున్నాం. అత్తగారి ముందు కోడల్ని మందలిస్తే లాభం లేదు. అత్తగారినే పక్కన కూర్చోబెట్టుకుని, "పెద్దమ్మా, కోసింది అతకాలంటే లోపల కొత్త కండ పుట్టాలి కదా, దానికి పప్పు, గుడ్డు కావాలి, మీరే దగ్గరుండి పెట్టాలి" అంటే, ఆవిడే మర్నాడు క్యారియర్ తెస్తుంది. మన ఆస్పత్రుల్లో రాత్రంతా మంచం పక్కన కింద చాప వేసుకుని పడుకునే అటెండరు ఒక బలం. గుండె ఎప్పుడు దడదడలాడినా, డ్రెయిన్ బ్యాగులో ఎర్రగా నిండినా, కట్టు మీద గులాబీరంగు నీరు ఊరినా లేపమని ఆమెకు చెప్పి ఉంచాలి. అయిదో రోజు తరవాత ఆ గులాబీరంగు నీరు, లోపలి కుట్లు విడిపోతున్నాయని చెప్పే గుర్తు కావచ్చు.

కానీ నర్సు పనిని చుట్టాల మీదికి నెట్టి చేతులు దులుపుకోలేం. అసలు మాట మనుషుల కొరత. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయినవాళ్ల లెక్కలు తీసింది. ఒక నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినకొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం నూటికి 7 వంతులు పెరిగింది. అంతకు పదేళ్ల ముందు సిల్బర్ అనే వైద్యుడు ఇంకో విషయం గమనించారు. ఎవరికి చిక్కు వస్తుందన్నది ఎక్కువగా రోగి జబ్బును బట్టి ఉంటుంది. చిక్కు వచ్చినవాడు బతుకుతాడా అన్నది ఆస్పత్రిని బట్టి ఉంటుంది. మన దేశంలో సాధారణ వార్డులో 6 మందికి ఒక నర్సు అని ప్రమాణం రాసుకున్నాం. రాత్రి డ్యూటీలో ఏ సర్జికల్ వార్డుకైనా వెళ్లి తలలు లెక్కపెట్టండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి, అది గొప్ప మేలు. ఆపరేషన్లు పెరిగినంతగా మంచాల పక్కన నర్సులు కూడా పెరగాలని అడగడం ఆ మేలును పూర్తి చేయమని అడగడమే. నలభై మంది మధ్య ఒక్కతే తిరిగే అమ్మాయి చార్టులో 20 అని రాసిందంటే తప్పు ఆమె ఒక్కదానిదేనని నేను అనను.

మనుషుల తరవాత, మాట. "ఎందుకో ఈయన నాకు బాగా అనిపించడం లేదు సార్" అని నర్సు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే, "అంకెలు చెప్పు, అంకెలు బాగున్నాయి కదా" అని పెట్టేయకూడదు. ఇక్కడున్న యువ సర్జన్లకు ఇది నా విన్నపం. ఆ మాట వెనక వందల ముఖాలు చూసిన అనుభవం ఉంది. లేచి రండి.

చివరగా, ఇంటికెళ్లాక పోయిన ఆ 210 మంది. మన దగ్గర డిశ్చార్జి అంటే బిల్లు, మందుల చీటీ, అయిదు నిమిషాల హడావిడి. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. కుట్లు ఎప్పుడు తీయించుకోవాలో ఆటోలో కూర్చున్నాక గుర్తొస్తుంది. జ్వరం వస్తే, గాయం దగ్గర ఎర్రబడి వేడెక్కితే, చీము, వాసన వస్తే, పిక్క వాస్తే, ఆయాసం వస్తే, వాంతులు ఆగకపోతే, మూత్రం బిగిస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షను వేయించుకుని కూర్చోకుండా తిరిగి రావాలని ఎవరూ నిదానంగా చెప్పరు.

సిస్టర్ గారి పిల్లలు ఈ స్మారక నిధిని ఎలా ఖర్చు పెడితే బాగుంటుందని నన్నడిగారు. నా సలహా ఇది. పెద్ద అక్షరాల తెలుగులో, బొమ్మలతో, పైన చెప్పిన గుర్తులన్నీ, వార్డు ఫోను నంబరూ ఉన్న ఒక్క పేజీ కాగితం అచ్చువేయిద్దాం. చదువు రానివాళ్లకు నర్సు చదివి వినిపించి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలి. మూడో రోజున ఇంటికి ఫోన్ చేసి పల్స్, యూరిన్ అడగలేకపోయినా, తిన్నారా, నడుస్తున్నారా, గాయం ఎలా ఉంది అని అడగాలి. ఇందుకు వార్డుకొక నర్సుకు రోజుకో గంట కేటాయించమని సూపరింటెండెంటు గారిని ఈ వేదిక మీంచే అడుగుతున్నాను. కాగితం నమూనా నా దగ్గర సిద్ధంగా ఉంది. సభ అయ్యాక నర్సింగ్ విద్యార్థులు వచ్చి చూసి, ఏ మాట పల్లెటూరి మనిషికి అర్థం కాదో గీత గీసి చెప్పండి.